లెక్కలోకి రాని గురుగాకు

నాకు కోపం ఎక్కువని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే ఆ పూటే ఉద్యోగంలో చేరినవాళ్ళయి ఉండాలి. నా పేరు శివకుమారి. కర్నూలులో ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. ఆసుపత్రి పేరు చెప్పను. ఈ కథలో తప్పు ఆసుపత్రిది కాదు, నాది.

ఫార్మ్ డి చదివే పిల్లలు ఏడాదికి పది పన్నెండు మంది నా దగ్గరికి శిక్షణకు వస్తారు. మందు గురించి పుస్తకంలో అన్నీ చదివే వస్తారు. ఆ మందును మనిషికి ఎలా చెప్పి ఇవ్వాలో నేర్పడం నా పని. రెండేళ్ళ కిందట కాలేజీవాళ్ళు మార్కుల పత్రంలో కొత్త గడి ఒకటి చేర్చారు. ‘రోగి సంస్కృతిని, అలవాట్లను అర్థం చేసుకుని మాట్లాడటం’ అని దాని పేరు. పది మార్కులు. చూసి నవ్వుకున్నాను. వేంపల్లెలో పుట్టి పెరిగినదాన్ని, సీమ మనుషుల్ని అర్థం చేసుకోవడం నాకు కాగితం నేర్పాలా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది అనుకుని, ఆ గడిలో కళ్ళు మూసుకుని అందరికీ ఏడు వేసేదాన్ని.

కృపారాణికి మాత్రం నాలుగు వేశాను.

ఆ పిల్లది బేతంచెర్ల దగ్గర పల్లె. వాళ్ళ నాయన నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేస్తాడని దరఖాస్తులో చూశాను. అమ్మ వృత్తి దగ్గర ‘గృహిణి’ అని రాసి ఉంది. వచ్చిన మొదటి వారం, వార్డులో అందరి ముందు ఒక రోగి గురించి చెబుతూ, “జ్వరం ఇంకా ఉండాది మేడం” అంది. పక్కనున్న పిల్లలు కిసుక్కుమన్నారు. నేనైనా ఊరుకోవాలి కదా! “ఉండాది ఏంటమ్మా, ఉంది అను. తెల్లకోటు వేసుకున్నాక కాస్త శుభ్రమైన మాట రావాలి” అన్నాను. మా అమ్మ బతికినన్నాళ్ళూ ‘ఉండాది’ అనే అంది. ఆ సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తు రాలేదు. అప్పట్నుంచీ కృపారాణి మాట్లాడటం తగ్గించేసింది. మాట్లాడినప్పుడల్లా వార్తలు చదివినట్టు మాట్లాడేది. బాగుపడిందనుకున్నాను.

ఇక గిడ్డమ్మ. కోసిగి పక్క ఒక పల్లె నుంచి వచ్చేది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి గుండెలో కవాటం పాడైతే, కిందటి ఎండాకాలం దాన్ని తీసేసి లోహంతో చేసినది పెట్టారు. అలాంటి కవాటం పెట్టుకున్నవాళ్ళు రక్తం పలచబడటానికి జీవితాంతం రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. నెలనెలా పరీక్ష చేసి, రక్తం ఎంత పలచగా ఉందో ఒక అంకె చూస్తాం. గిడ్డమ్మకు ఆ అంకె రెండున్నరకూ మూడున్నరకూ మధ్య నిలవాలి. తగ్గితే కవాటం మీద రక్తం గడ్డకట్టి ప్రాణం పోతుంది. పెరిగితే ఎక్కడ పడితే అక్కడ రక్తం కారి ప్రాణం పోతుంది. మాత్ర సగం ముక్క అటూ ఇటూ అయినా అంకె కదులుతుంది. ఇంకో సంగతి, ఆకుకూరల్లో ఉండే ఒక విటమిన్ ఈ మాత్రకు సరిగ్గా ఎదురు పనిచేస్తుంది. ఆకుకూర ఎక్కువ తింటే మాత్ర తన పని చెయ్యలేదు.

జూన్ నెలలో ఆమె మొదటిసారి నా దగ్గరికి వచ్చింది. మంగళవారం, బయట నలభై మంది వరసలో ఉన్నారు. నేను అచ్చేసిన కాగితం తీసి గడగడా చదివాను. పాలకూర తినకూడదు, తోటకూర తినకూడదు, మెంతికూర తినకూడదు, ఏ ఆకుకూరా తినకూడదు.

“మరి ఏం తినాల మేడం?” అంది గిడ్డమ్మ.

“పప్పు తిను, బీరకాయ తిను, గుడ్డు తిను. లోకంలో ఆకులు తప్ప తిండే లేదా? నువ్వేమన్నా మేకవా?”

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నా వెనక నిలబడ్డ పిల్లలు నవ్వారు. గిడ్డమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు నా హాస్యానికి నేనే మురిసిపోయాను. ఆమె పక్కన నిలబడ్డ మొగుడు ఉరుకుందు మాత్రం నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జులైలో వానలు పడ్డాయి. ఆగస్టు పరీక్షలో గిడ్డమ్మ అంకె 1.6కు దిగింది. నాకు ఒళ్ళు మండింది.

“మాత్రలు మానేశావా?”

“లేదు మేడం, దినామూ మింగుతాండా” అని, కొంగుముడి విప్పి ఖాళీ మాత్రల షీట్లు బల్ల మీద పెట్టింది. ఒక్కటి కూడా పారెయ్యకుండా దాచింది పాపం. నేను నమ్మలేదు. షీటు ఖాళీ అయిన మాట నిజమే, మాత్రలు కడుపులోకి పోయాయో కాలవలోకి పోయాయో ఎవరు చూశారు?

“ఆకుకూరలు తినడం లేదు కదా?”

“లేదు మేడం.”

గుండె డాక్టరు గోపీనాథ్ గారు మాత్ర మోతాదు పెంచారు. ఆ రోజే కృపారాణిని పిలిచి, ఈమెతో మాట్లాడి తిండి, అలవాట్లు, మందు వేసుకునే వేళ అన్నీ రాసుకుని రమ్మన్నాను. పిల్ల పోయి వరండాలో గిడ్డమ్మ పక్కనే నేల మీద కూర్చుంది. అరగంట కూర్చుంది. తిరిగి వచ్చాక చూస్తే కాగితంలో సగం గడులు ఖాళీ. “అరగంట ఏం మాట్లాడావమ్మా?” అంటే “ఏమీ లేదండి, ఊరి మాటలు” అంది. అదిగో, ఆ అరగంటకే నాలుగు మార్కులు.

సెప్టెంబరులో 1.5. మళ్ళీ మోతాదు పెరిగింది. అక్టోబరులో ఇంకొంచెం. ఆ మూడు నెలలూ నేను తిట్టని తిట్టు లేదు. వచ్చిన ప్రతిసారీ గిడ్డమ్మ తల వంచుకుని నిలబడేది, నా అరుపులన్నీ అయ్యాక “అట్లే మేడం” అనేది. నవంబరులో అంకె 2.9కి వచ్చింది. దెబ్బకు దెయ్యం వదిలింది అనుకున్నాను. పిల్లలందరినీ పిలిచి కాగితం చూపించి, “గట్టిగా చెబితే వింటారు, మెత్తగా చెబితే మొత్తబుద్ధి అవుతుంది” అని పాఠం కూడా చెప్పాను. గిడ్డమ్మకు రెండు నెలల మాత్రలిచ్చి జనవరి మొదటి మంగళవారం రమ్మన్నాం.

జనవరి మొదటి మంగళవారం గిడ్డమ్మ రాలేదు.

బుధవారం మధ్యాహ్నం నా గది నుంచి ఉరుకుందు నంబరుకు ఫోన్ చేశాను. కృపారాణి పక్కనే మందుల లెక్క రాస్తోంది. స్పీకరు పెట్టాను. అవతల గాలి హోరు, ఆడవాళ్ళ మాటలు.

“ఏమప్పా, తారీకు గుర్తులేదా? నిన్న రావాలి కదా?”

“రాలేం మేడం. సుగ్గికొచ్చినాం. గుంటూరు కాడ మిరపకాయ కోతకు. ఇంగ మూడు నెల్లు ఈడనే.”

సుగ్గి అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. పడమటి కర్నూలు పల్లెల్లో పంట పనులు అయిపోతే ఇళ్ళకు తాళాలు పడతాయి. జనం ముల్లె మూట కట్టుకుని, పొయ్యి రాళ్ళతో సహా లారీలెక్కి మిరప చేలున్న చోటికి పోతారు. ఏటా పోతారు. నాకు తెలియని సంగతి కాదు, కానీ గిడ్డమ్మ కూడా పోతుందని ఎందుకో తట్టలేదు. కవాటం మార్పించుకున్న మనిషికి మూడు నెలలు కూర్చోబెట్టి తిండి ఎవరు పెడతారు అన్న ఆలోచన రాలేదు.

“ఎవర్నడిగి పోయారు? ఫోన్ ఆమెకియ్యి” అని అరిచాను.

“బాగుండా మేడం” అంది గిడ్డమ్మ. గొంతు నీరసంగా ఉంది. “మాత్రలు మింగుతాండా. యా పొద్దూ ఇడ్సలేదు.”

“పరీక్ష లేకుండా మింగితే ఎలా? బుద్ధుందా నీకు? ఇంత ఖర్చు పెట్టి ప్రభుత్వం ఆపరేషన్ చేయించింది మిరపకాయలు కొయ్యడానికా?”

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే స్విచ్ఛాఫ్.

“చూశావా వీళ్ళ పొగరు” అని కృపారాణి వైపు తిరిగాను. పిల్ల మొహం పాలిపోయి ఉంది. కలం కింద పెట్టేసి లేచి నిలబడింది.

“మేడం, ఒక మాట చెప్పాలండి. ఆమె ఆకు తింటాది.”

“ఏ ఆకు?”

“చేలో ఆకు. కలుపు తీసేటప్పుడు గురుగాకు, చెంచలాకు, గంగపాయిలాకు వస్తాయి కదండి. ఒడి కట్టుకుని అందులో వేసుకుంటారు. ఆసామి ఏమీ అనడు, కలుపు కూలోళ్ళు ఆకు తీసుకుపోయేది అన్ని ఊళ్ళలో ఉండాది. ఇంటికి పోయి చింతపండు వేసి ఎనిపి పుల్లగూర చేసుకుంటారు. రొట్టెలోకి రెండు పూటలా అదే. వానలు పడిన కాన్నుంచి కార్తీకం దాటే దాకా ఇంట్లో ఇంకో కూర ఉండదు.”

మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ పిల్ల వార్తలు చదవడం మానేసింది. ఆ సంగతి ఆమెకు తెలియలేదు, నేనూ అడ్డుపడలేదు.

“ఆమె నీకు చెప్పిందా?”

“చెప్పలేదు. గోళ్ళు చూసినా. పసరు పట్టి నల్లగా ఉండాయి. మా అమ్మ గోళ్ళు గూడా అట్లే ఉంటాయి మేడం. మా అమ్మ గూడా కలుపుకు పోతాది.”

“ఆగస్టులోనే తెలుసు నీకు? ఎందుకు చెప్పలేదు?”

కృపారాణి ఏడుపు గొంతుతో అంది. “నీకెట్ల తెలుసని అడుగుతారు గదా మేడం. మేము గూడా అదే తింటామని చెప్పాల్సొస్తాది, అందరి ముందర. ఆ పొద్దు మీరు మేకవా అని అడిగితిరి. అందరూ నవ్విరి. నేను గూడా నవ్వినా మేడం. వానలు పడినాక ఇంటికి పోయి రొట్టెలో ఆ కూరే పెట్టుకుని తిన్యా.”

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

వేంపల్లెలో మాకు బట్టల అంగడి ఉండేది. వానాకాలంలో కూలి ఆడవాళ్ళు పెరటి వాకిట్లోకి గురుగాకు తెచ్చి ఇచ్చేవాళ్ళు. మా అమ్మ కందిపప్పు వేసి వండి, నెయ్యి వేసి పెట్టేది. ‘ఈ రుచి అంగట్లో ఆకులకు ఎక్కడిది’ అని మా నాయన లొట్టలు వేసేవాడు. మా ఇంట్లో అది రుచి, వాళ్ళ ఇంట్లో అది తిండి. ఎప్పుడో ఒకసారి తినేదాన్ని కాబట్టి నా కాగితంలో గురుగాకు పేరే లేదు. పాలకూర ఉంది, ఆమె ఊరి సంతలో దొరకని ఆకులు ఇంకో నాలుగు ఉన్నాయి.

అప్పుడు అసలు సంగతి తట్టింది. వానలు పడి గిడ్డమ్మ ఆకు తినడం మొదలుపెట్టింది, అంకె తగ్గింది. మేం మాత్ర పెంచాం. ఆకు తింటూనే ఉంది, మాత్ర ఇంకా పెంచాం. తక్కెడలో ఒక పక్క ఆకు, ఒక పక్క మాత్ర పడి నవంబరుకు ముల్లు నడిమికి వచ్చింది. దాన్నే నా గెలుపనుకుని పాఠం చెప్పాను. ఇప్పుడు ఆమె ఆకు లేని చోట ఉంది. మాత్ర మాత్రం పెంచినంతా మింగుతోంది, రోజూ, ఒక్క పూట కూడా తప్పకుండా.

“ఫోన్ చెయ్యి. నీ ఫోన్ నుంచి చెయ్యి” అన్నాను.

చాలాసేపు స్విచ్ఛాఫ్ వచ్చింది. సాయంత్రం నాలుగు దాటాక మోగింది. కృపారాణి స్పీకరు పెట్టి, నా వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టింది. నా దగ్గర చదువుకునే పిల్ల నన్ను నోరు మూసుకోమంది. మూసుకున్నాను.

“అక్కా, నేను కృపను. ఆసుపత్రిలో నీ పక్కన కూచొని మాట్లాడితినే, బేతంచెర్ల పిల్లను.”

“నువ్వా పాపా! ఆయమ్మ ఉండాదా పక్కన?”

కృపారాణి నా మొహం చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నేను ఆడిన అబద్ధాల్లో దానికంటే మంచిది లేదు.

“లేదక్కా. రొట్టె తింటివా?”

“తింటి.”

“ఏం కూర?”

“యాడిది కూర పాపా. గొడ్డుకారం, ఉల్లిగడ్డ. బువ్వలోకైతే చింతపండు నీళ్ళు. మన ఊర్లో మాదిరి రోంత ఆకన్నా కోసుకుందామంటే, ఈడ చేనంతా మందు కొట్టింటారు. ఆ ఆకు ముట్టుకుంటేనే చేతులు మండుతాయి. నెలయింది ఆకు మొగం చూసి.” గొంతు తగ్గించి, “ఆయమ్మకు చెప్పొద్దు పాపా, ఊర్లో తింటాంటినని” అంది.

నేను గోడ వైపు తిరిగాను.

“చెప్పనులే అక్కా. ఒళ్ళెట్లుండాది?”

“వేడి చేసింది. పండ్లు తోముకుంటే రక్తమొస్తాది. చేతుల మీద యాడ రోంత తగిలినా నల్లగా కములుతాది. నిన్నట్నుంచి ఒంటికి పోతే ఎర్రగా పోతాది. మిరపకాయ వేడి శానా చెడ్డది పాపా. మొదట్లో అందరికీ ఇట్లే చేస్తాదని, మజ్జిగ తాగమన్యారు.”

మిరప చేలో కూలికి పోయినవాళ్ళు రక్తం పడితే భయపడరు, వేడి అనుకుంటారు. ఎండ, ఘాటు, నీళ్ళు తక్కువ, నిజంగానే చాలామందికి ముక్కుల్లోంచి రక్తం పడుతుంది. అందరిలో తనూ ఒకతె అనుకుంది గిడ్డమ్మ. మూత్రంలో రక్తం పోతుంటే మజ్జిగ తాగుతూ బస్తాలు మోస్తోంది. ఇంకో నాలుగు రోజులుంటే ఆ రక్తం తలలో చిమ్మేది.

కృపారాణి గొంతు వణకలేదు. అది ఎక్కడ నేర్చుకుందో తెలియదు, నా దగ్గర మాత్రం కాదు. “అక్కా, ఇది వేడి కాదు. నువ్వు ఊర్లో ఆకు తింటాంటివి గదా, దానికి సరిపోయేటట్టు మాత్ర పెద్దది చేసినారు. ఇప్పుడు ఆకు లేదు, మాత్ర అట్లే ఉండాది. అందుకని రక్తం నీళ్ళయిపోయింది. నీ తప్పు లేదు. ఈ పొద్దు మాత్ర మింగొద్దు. ఇప్పుడే గుంటూరు ఆసుపత్రికి పో.”

“ఇప్పుడా? కోత మధ్యలో లేస్తే మేస్త్రి ఊరుకోడు. ఇంగ ఆడికి పోతే ఆ ఆసుపత్రోళ్ళు గూడా తిడతారు. తిట్లు పడే శక్తి లేదు పాపా.”

అప్పుడు నేను చెయ్యి చాచాను. కృపారాణి ఇవ్వడానికి జంకింది. “తిట్టనులే, ఇయ్యి” అన్నాను.

“గిడ్డమ్మా, నేను శివకుమారిని.”

ఆమె ఫోన్ పెట్టేసేలోపే అందుకున్నాను.

“నిన్నేమీ అనను. ఆ మేస్త్రికి ఫోన్ ఇయ్యి. వాణ్ణి అంటా.”

నా నోటికి ఇన్నేళ్ళకు తగిన పని దొరికింది. మేస్త్రిని ఏమన్నానో ఇక్కడ రాయను, చదివేవాళ్ళలో పిల్లలుంటారు. “నీ చేలో మనిషి పోతే ఎవరు జవాబు చెబుతారు?” అని మొదలుపెట్టి, చేను ఆసామిని పిలిపించి, ఆయన తన కారు తెచ్చేదాకా ఫోన్ పెట్టలేదు. ఆసామి మంచివాడే. “నాకు ఆపరేషన్ సంగతి తెలియదమ్మా, తెలిస్తే బస్తా ఎత్తనిస్తానా” అని ఆయనే బాధపడ్డాడు. ఈలోగా గోపీనాథ్ గారు గుంటూరులో తనకు తెలిసిన డాక్టరుతో మాట్లాడి పెట్టారు.

ఆ సాయంత్రం ఆరున్నరకు అంకె వచ్చింది. తొమ్మిది దాటింది.

మాత్ర ఆపేశారు. కొలిచి కొలిచి కొంచెం విటమిన్ ఇచ్చారు. ఆకులో ఉండేదే అది. ఊళ్ళో ఒడినిండా ఊరికే తెచ్చుకునేదాన్ని అక్కడ చుక్కల లెక్కన పోశారు. అయిదు రోజులు పడుకోబెట్టి, మోతాదు తగ్గించి, పరీక్షకు అక్కడికే రమ్మని చేను దగ్గరికి పంపారు. రోజూ సాయంత్రం కృపారాణి ఫోన్ చేసి, ఏం తిందో అడిగి రాసుకునేది. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. మార్కుల పత్రంలో ఆ నాలుగును కొట్టేసి పది వేస్తే, కాలేజీవాళ్ళు కొట్టివేత మీద సంతకం కావాలని వెనక్కి పంపారు. సంతకం పెట్టి పంపాను.

ఏప్రిల్లో సుగ్గి నుంచి తిరిగి వచ్చిన వారానికి గిడ్డమ్మ మా దగ్గరికి వచ్చింది. చిక్కిపోయింది, కానీ నడక బాగుంది. ఆ రోజు కూడా మంగళవారమే, బయట వరస వరసలాగే ఉంది. ఆమెను లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేశాను. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. కృపారాణి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

ఈ మూడు నెలలూ నేను ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. తీరా ఎదురుగా కూర్చున్నాక పాత నోరే లేచింది. “ఆకు తింటున్నానని ఒక్క మాట చెబితే ఏం పోయేది గిడ్డమ్మా? ఎన్నిసార్లడిగాను?”

గిడ్డమ్మ ఈసారి తల వంచుకోలేదు. “యాడ అడిగితివి మేడం? ‘తినడం లేదు కదా’ అంటివి. అట్లడిగితే లేదనక ఏమంటారు? మాకు ఉండేదే ఆ ఆకు. అది తినొద్దంటివి, మరి ఏం తినాలంటే నగితివి. ఇంగ యా మొగంతో చెప్పాల?”

కోపంగా అనలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. నా నోరు మూతపడిన సందర్భాలు నా జీవితంలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, అందులో రెండు ఈ ఇద్దరి వల్లే.

“తప్పు నాదే” అన్నాను. ఆ మాట అనడం నాకు అలవాటు లేదు. “ఇకనుంచి నువ్వు తినేది నువ్వు తిను. గురుగాకు తిను, చెంచలాకు తిను. రోజూ తినేది రోజూ తిను. వానలు పడి కలుపు మొదలైన రోజు కృపకు ఫోన్ చెయ్యి. సుగ్గికి పోయే ముందు ఫోన్ చెయ్యి. నీ తిండిని బట్టి మాత్రను మేం సర్దుతాం. మాత్ర కోసం నువ్వు తిండి మార్చుకోవద్దు.”

గిడ్డమ్మ కృపారాణి వైపు చూసింది, ఇది నిజమేనా అన్నట్టు. కృపారాణి తల ఊపింది. అప్పుడు గిడ్డమ్మ మొహంలో నేను పది నెలల్లో చూడని నవ్వు ఒకటి వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

నేను కాగితం తీసుకున్నాను. అచ్చేసింది కాదు, తెల్ల కాగితం. కలం పట్టుకుని మొదటి ప్రశ్న అడిగాను. ఇంత కాలానికి నిజంగా తెలుసుకోవాలని అడిగిన మొదటి ప్రశ్న అదే.

“చెప్పు. ఈ పొద్దు పొద్దున్నుంచి ఏమేం తిన్యావు?”

నా మాట కూడా మారిందని ఆమె గమనించిందో లేదో తెలియదు.

“ఏమీ తినలేదు మేడం” అంది గిడ్డమ్మ. “రక్తం తీస్తారు గదా. ఎప్పుడొచ్చినా పరగడుపునే వస్తా. నాలుగు గంటలకు లేసి బస్సెక్కితే, ఇంగ మళ్ళీ ఇంటికి పోయినాకే తినేది.”

గడియారం చూశాను. ఒంటిగంట దాటింది. ఆమె ఇంటికి చేరేసరికి ఏడవుతుంది.

ఆ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. గుండె కోసి కుట్టిన మనిషి పది నెలలుగా, మేం రక్తం తీసే ప్రతి మంగళవారం పగలంతా పస్తుండి నా ముందు నిలబడి తిట్లు తింది. అక్కర్లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని నేనే.

కృపారాణి అప్పటికే తన టిఫిన్ డబ్బా తీస్తోంది. నేను కలం మూసి, లేచి, చెయ్యి కడుక్కోవడానికి గిడ్డమ్మకు కుళాయి ఎక్కడుందో చూపించాను.